తొట్టెల తాడు నా చేతికిచ్చారు

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మా ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పని ఉంటుంది. నాకు మాత్రం తొట్టెల తాడు. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషికి ఇంతకంటే పెద్ద పని అప్పగిస్తే ఇల్లు ఆగమవుతుందని మా ఇంటావిడ అభిప్రాయం. చిన్నమ్మాయి పురుటికి మేడ్చల్ వచ్చింది. పాపకు అయిదో నెల. కాన్పుకు ముందే హాల్లో స్లాబు కొక్కేనికి పాత నూలుచీర కట్టి తొట్టెల సిద్ధం చేశారు. దానికొక తాడు. తాడు చివర నేను, రెండో చేతిలో పేపరు.

మొదటి వారంలోనే ఒకటి కనిపెట్టాను. వార్తలో పడి నా చెయ్యి ఆగిపోతే పాప వెంటనే లేవదు. తొట్టెల తనంతట తాను ఇంకొన్ని ఊపులు ఊగి, నెమ్మదించి, ఆగుతుంది. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. ఆ తర్వాత చీర మడతల్లోంచి ఒక కాలు పైకి లేస్తుంది. ఏడుపు కాదు, కబురు. తాడు లాగితే కాలు దిగుతుంది. లాగకపోతే రెండో కాలు. అప్పటికీ రాకపోతే ఇంక వీధి చివరిదాకా వినబడుతుంది.

మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది? సెల్‌ఫోన్‌లో టైము పెట్టి కొలిచాను. కొక్కెం నుంచి పాప నడుము దాకా రెండు మీటర్లు. అటు పోయి ఇటు వస్తే ఒక ఊపు అనుకుంటే, పది ఊపులకు ఇరవై ఎనిమిది సెకన్లు. లోలకం పాఠం గుర్తుందా? ఊపుకు పట్టే కాలం తాడు పొడవును బట్టి ఉంటుంది గాని వేలాడే బరువును బట్టి కాదు. మూడు కిలోల పసిగుడ్డుగా ఉన్నప్పుడూ అంతే, ఇప్పుడు ఏడు కిలోల గుండమ్మ అయ్యాకా అంతే. ఆ కాలాన్ని సగం చేయాలంటే తాడును సగం కాదు, నాలుగో వంతుకు కుదించాలి. నేను ఎంత తొందరపడినా తొట్టెల తన టైముకే తిరిగొస్తుంది. నా ఇష్టమొచ్చినప్పుడు లాగితే ఊపుకు అడ్డం పడుతుంది. అది ఆ చివరిదాకా పోయి ఇటు మళ్లేటప్పుడు చిన్నగా లాగితే రెండు వేళ్ల పని. అంటే ఊపేవాడు ముందు తొట్టెల చెప్పింది వినాలి.

మధ్యలో కరెంటు తొట్టెల కూడా కొన్నాం. రిమోటు, అయిదు రకాల వేగాలు, పాటలు. నెల తిరక్కుండానే మోటారు గరగరమంది. కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ నన్నే ఊపింది. అయినా నిద్రపుచ్చడంలో దానికి వంక పెట్టను, పాప హాయిగా నిద్రపోయేది. కాకపోతే కాలు పైకి లేచినా దానికి పట్టదు. అదే ఊపు, అదే పాట.

ఇలా కాలు లేవడం, తాడు లాగడం గురించి ఆలోచిస్తే మనసు గురించిన శాస్త్రాల్లో ఒకటైన మనోవిశ్లేషణ గుర్తొస్తుంది. ఫ్రాయిడ్ అనగానే చాలామందికి సోఫా, కలలు గుర్తొస్తాయి. తెలుగు నవలలు చదివినవాళ్లకు బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, అందులో తల్లి నీడనుంచి బయటపడలేని దయానిధి గుర్తొస్తారు. నాకు మాత్రం ఫ్రాయిడ్ అంటే మనవడి దగ్గర కూర్చున్న ఒక తాత. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో కూతురు సోఫీ ఇంట్లో కొన్ని వారాలు ఉన్నాడు. మనవడు ఎర్నెస్ట్‌కు ఏడాదిన్నర. బుద్ధిమంతుడు, తల్లి బయటికి వెళ్లినా ఏడ్చేవాడు కాదు. వాడి దగ్గర దారం కట్టిన చెక్క రీలు ఒకటుండేది. తెర కట్టిన మంచంలోకి దాన్ని విసిరేవాడు. కనబడకుండా పోగానే ‘ఓ...’ అని సాగదీసేవాడు. జర్మన్‌లో ‘పోయింది’ అనే మాటకు వాడి ముద్దు రూపం. దారం పట్టుకు లాగేవాడు. రీలు బయటికి రాగానే సంబరంగా ‘ద!’ అనేవాడు. ఇదిగో, వచ్చేసింది అని. మళ్లీ విసురు, మళ్లీ లాగు.

మన దోబూచే ఇది. కొంగు మొహం మీద వేసుకుని తీయడం, తలుపు చాటుకు పోయి తొంగిచూడడం. తేడా ఏమిటంటే ఇక్కడ దారం పిల్లవాడి చేతిలో ఉంది. అమ్మ వెళ్లడం వాడి చేతిలో లేదు గాని, రీలు వెళ్లడం, రావడం రెండూ వాడివే. ఈ ముచ్చటను ఫ్రాయిడ్ 1920లో ఒక పుస్తకంలో పెట్టాడు. అదే ఏడాది జనవరిలో సోఫీ స్పానిష్ ఫ్లూతో చనిపోయింది. అప్పటికి ఎర్నెస్ట్‌కు ఆరేళ్లు కూడా నిండలేదు.

ఆ తాతే 1924లో ఒక వ్యాసంలో ఇంకో మాట అన్నాడు. సుఖం అంటే లోపలి ఒత్తిడి తగ్గడమేనని అంతకుముందంతా చెబుతూ వచ్చినవాడు, ఇది ఎక్కువ తక్కువల లెక్క ఒక్కటే కాదేమో, ఆ పెరగడం తగ్గడంలో ఉండే లయ కావచ్చు అని అనుమానపడ్డాడు. అనుమానపడి, మనకు తెలియదు అని వదిలేశాడు. తెలియదని రాసిన పెద్దమనిషి మీద నాకు గౌరవం ఎక్కువ.

ఆ లయ మొదట ఎక్కడ దొరుకుతుంది? మా ఇంట్లో అయితే పాలు తాగే దగ్గర. పుట్టిన మూడోరోజు చిన్నమ్మాయి కంగారుపడింది, పాప నాలుగు గుక్కలు తాగి ఆగిపోతున్నదని. మా ఆవిడ తాపీగా “ఆపితే ఆపనియ్యి. జర కదిపి వదులు బిడ్డా, అదే అందుకుంటది” అంది. కెనెత్ కే అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970ల్లో తల్లుల దగ్గర కూర్చుని లెక్కపెట్టింది సరిగ్గా ఇదే. మనిషి బిడ్డ పాలు ఏకబిగిన తాగదు. కొన్ని గుక్కలు, ఒక ఆగుడు. ఆగగానే తల్లి చెయ్యి తనకు తెలియకుండానే బిడ్డను కదుపుతుంది. విచిత్రం ఏమిటంటే, కదుపుతున్నంతసేపూ బిడ్డ తాగదు. కదపడం ఆపాక మొదలుపెడుతుంది. రెండు వారాలు తిరిగేసరికి తల్లులు కదిపే వ్యవధి తగ్గించేస్తారు. ఎవరూ నేర్పలేదు. నీ వంతు, నా వంతు అన్నది మాటలు రాకముందే అక్కడ మొదలైంది.

దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది: ఊ కొట్టడం. కథ చెప్పేవాళ్లు ఆగిన చోట వినేవాళ్లు ‘ఊ’ అనాలి. మధ్యలో అంటే విననట్టు, అసలు అనకపోతే నిద్రపోయినట్టు. మా పాప రెండో నెల నుంచే ‘ఉంగా’ అంటూ మాటలు మొదలుపెట్టింది. వాళ్లమ్మ “ఏందమ్మా, ఎవరు కొట్టిన్రు?” అంటుంది. పాప పెదవులు సున్నా చుట్టి, చేతులు ఎత్తి, ఊపిరి కూడదీసుకుని ‘ఉంగా’ అంటుంది. అమ్మ ఆగి వింటుంది. “అవునా? తాతనా?” నేను కొట్టలేదని మనవి చేసుకునేలోగా మళ్లీ ‘ఉంగా’. కాల్విన్ ట్రెవార్తెన్ అని ఎడింబరోలో ఒకాయన ఇలాంటి మాటామంతీని సినిమా తీసి, ధ్వనిని గీతలుగా గీయించి, సంగీతం తెలిసిన స్టీఫెన్ మలోక్‌తో కలిసి పరిశీలించాడు. ఆరు వారాల పాపకూ తల్లికీ మధ్య తాళం ఉంది, వరస ఉంది, పల్లవి తిరిగి అందుకున్నట్టు రావడమూ ఉంది.

ఇంకాస్త వెనక్కి పోతే కడుపులోనే అంటారు. అభిమన్యుడు పద్మవ్యూహం విన్నాడని, ప్రహ్లాదుడు నారదుణ్ణి విన్నాడని మనవాళ్లు అనుకుంటూనే ఉన్నారు. వ్యూహం మాట ఎలా ఉన్నా, తల్లి గొంతు మాత్రం కడుపులో బిడ్డ వింటుంది. పుట్టిన రెండు మూడు రోజుల్లోనే పరాయి గొంతు కంటే తల్లి గొంతు కోసం బిడ్డ తన చప్పరింపు తీరును మార్చుకుంటుందని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు చూపించారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు లీ సాక్ ఉన్నాడు. మన జీనోమ్ వ్యాలీలో టీకాలు చేసేవాళ్లకు సాక్ అంటే పోలియో టీకా కనిపెట్టిన జోనస్. లీ ఆయన తమ్ముడు. న్యూయార్క్ జూలో కోతి తల్లి పిల్లను దాదాపు ఎప్పుడూ ఎడమ రొమ్ముకే హత్తుకోవడం చూశాడు. తల్లులను గమనిస్తే వాళ్లూ ఎక్కువమంది ఎడమవైపే. గుండె చప్పుడు కోసమే అనుకుని, పసిపిల్లల వార్డులో నిమిషానికి డెబ్బై రెండు సార్లు కొట్టుకునే గుండె చప్పుడు రికార్డు పెట్టాడు. ఏడుపులు తగ్గాయి. మంచి కథే. అయితే తర్వాత వచ్చినవాళ్లు మెట్రోనోమ్ టిక్ టిక్ పెట్టినా, జోలపాట పెట్టినా అంతే పనిచేసిందన్నారు. అంటే గుండెకు ప్రత్యేకమైన మహిమ ఏమీ లేకపోవచ్చు, తప్పకుండా తిరిగొచ్చే చప్పుడు ఏదైనా చాలునేమో. మా ఊళ్లో పిల్లలు మన్మాడ్ లైను రైళ్ల చప్పుడుకే నిద్రపోయారు. పట్టాలకు అతుకులున్న రోజుల్లో అది అచ్చం జోలే.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. లయ అంటే గడియారంలా టంచనుగా నడవడం అనుకుంటారు. తల్లి బిడ్డకు క్షణం తేడా లేకుండా అందాలి, లేకపోతే బిడ్డ మనసు పాడవుతుందని పుస్తకాలు చదివిన ఆడపిల్లలు భయపడతారు. మా చిన్నమ్మాయీ భయపడింది. ల్యాబులో మైక్రోలీటర్ల లెక్కన పనిచేసే పిల్ల. పాలు ఎన్ని నిమిషాలు, నిద్ర ఎన్ని నిమిషాలు అంతా ఫోన్‌లో రాసుకునేది.

ఆ పిల్లకు నేను చెప్పిన కబురు ఇది. న్యూయార్క్‌లో బియాట్రిస్ బీబీ అని ఒక మనోవిశ్లేషకురాలు ఉంది. ఆమె, జాఫీ అనే ఆయన, ఇంకొందరు కలిసి ఎనభై ఎనిమిది మంది నాలుగు నెలల పిల్లలను తీసుకున్నారు. తల్లి మాట, బిడ్డ ‘ఉంగా’, మధ్య ఆగిన వ్యవధి, ఎవరు ఎవరి లయను ఎంతగా అనుసరిస్తున్నారు, ఇదంతా యంత్రంతో కొలిచారు. అదే పిల్లలను ఏడాది నిండాక మళ్లీ పిలిచారు. తల్లి కాసేపు గదిలోంచి వెళ్లి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఆమె దగ్గరికి వెళ్లి కుదుటపడి మళ్లీ ఆటలో పడుతుందా, ముడుచుకుపోతుందా అని చూశారు. ఫలితం 2001లో అచ్చయింది. తల్లీబిడ్డల లయ అసలు కలవని చోట బిడ్డకు భరోసా తక్కువ. అది అనుకున్నదే. మరీ బిగుతుగా, ఒకరినొకరు క్షణం వదలకుండా అనుసరించిన చోటా భరోసా తక్కువే. మధ్యస్థంగా, కాస్త సందు ఉండి, కాస్త తప్పి, మళ్లీ కలిసిన చోట బిడ్డలు నిబ్బరంగా ఉన్నారు. మరీ బిగుతుగా పట్టుకోవడం జాగ్రత్త కాదు, బెదురు. అవతలివాళ్లు తర్వాత ఏం చేస్తారో అని కళ్లు ఆర్పకుండా చూడడం.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త లెక్క ఇంకా ఊరట. మామూలు తల్లీబిడ్డలు ఎదురెదురుగా ఆడుకునేటప్పుడు కూడా ఇద్దరి తీరు సరిగ్గా కలిసి ఉండేది నూటికి ముప్పై వంతుల సమయమే. మిగతాదంతా తప్పడం, సర్దుకోవడం. సర్దుకోవడంలోనే అసలు చదువు. అదే ట్రోనిక్ 1970ల్లో చేసిన ప్రయోగం మాత్రం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తల్లి బిడ్డతో ఆడుతూ ఉండి, ఒక్కసారిగా మొహం రాయిలా పెట్టి రెండు మూడు నిమిషాలు అలాగే చూడాలి. బిడ్డ నవ్వుతుంది, చేయి చాపుతుంది, కేక వేస్తుంది, చివరికి మొహం తిప్పుకుని కూలబడుతుంది.

ఈ ప్రయోగం నేనూ చేశాను, తెలియక. పాపను ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాను. చివరి ఓవర్. పాప నా గడ్డం పట్టుకుంది. చొక్కా గుండీ లాగింది. ఒకసారి ‘ఉంగా’ అంది. బ్యాటు ఎటు తగిలిందో గాని నేను తలెత్తేసరికి ఆ పిల్ల నా మొహం వదిలేసి ఫ్యాను చూస్తున్నది. పిలిస్తే తిరగలేదు. ముక్కుతో ముక్కు రాసి, క్షమాపణలు చెప్పుకుని, నాలుగైదు విన్నపాలయ్యాక ఒక పక్క చూపు చూసింది. ఆ తర్వాతే నవ్వు. మ్యాచ్ ఎవరు గెలిచారో మర్నాడు పేపర్లో చూశాను.

డొనాల్డ్ విన్నికాట్ లండన్‌లో పాడింగ్టన్ గ్రీన్ పిల్లల ఆసుపత్రిలో నలభై ఏళ్లు పనిచేసిన పిల్లల డాక్టరు, మనోవిశ్లేషకుడు కూడా. బిడ్డ అని విడిగా ఏదీ లేదు, బిడ్డను చూపిస్తే పక్కనే పట్టుకున్నవాళ్లూ కనిపించాలి అనేవాడు. తల్లి గొప్పగా ఉండనక్కర్లేదు, సరిపడా ఉంటే చాలు అన్నదీ ఆయనే. మన దేశంలో సుధీర్ కక్కర్ 1978లో ‘ది ఇన్నర్ వరల్డ్’ అనే పుస్తకంలో భారతీయ శిశువు తల్లి ఒంటికి ఎంతకాలం అంటిపెట్టుకుని ఉంటుందో రాశాడు. నాకు ఆయనతో చిన్న పేచీ. మా ఇంట్లో పట్టుకునేవాళ్లు ఒక్కరు కాదు. పొద్దున నూనె రాసి కాళ్ల మీద బోర్లా వేసుకుని నీళ్లు పోసే అమ్మమ్మ చేయి ఒక తాళం, పెద్దమ్మ జోకొట్టే చేయి ఇంకో తాళం, నా తాడు మరొకటి. పాప ఎవరి చేతిలో వాళ్ల లెక్కకు సర్దుకుంటున్నది.

ఇంకో మాట కోపంగానే చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కొందరు మనోవిశ్లేషకులు ఆటిజం పిల్లలను చూసి, తల్లి మనసు గడ్డకట్టుకుపోయి ఉండడమే కారణమన్నారు. అది తప్పు. ఆ తప్పు ఎన్ని ఇళ్లలో తల్లులను కాల్చిందో. తల్లుల మీద నింద పడే చోటు ఇంకొకటుంది. కాన్పయ్యాక కొందరు బాలింతలకు దిగులు పట్టుకుంటుంది. బిడ్డను ఎత్తుకుంటారు గాని చేతిలో ఊపు రాదు, మాటలో వరస ఉండదు. అది జబ్బు, నయమయ్యే జబ్బు. ‘పసిదాన్ని పట్టించుకోదు’ అని నోరు పారేసుకునే బదులు 14416 టెలి మానస్‌కు ఫోను చేయించండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఈలోగా తాడు పట్టుకోవడానికి ఇంట్లో ఇంకో చేయి ఉండాలి.

రీలు ఆట ఆడిన ఎర్నెస్ట్ ఏమయ్యాడంటారా? పెరిగి పెద్దవాడై, తాత దారిలోనే లండన్‌లో మనోవిశ్లేషకుడయ్యాడు. తర్వాతి కాలంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుల్లో గాజుపెట్టెల పక్కన కూర్చుని, తల్లి చేయి, తల్లి గొంతు అందని ఆ బిడ్డలకు ఏమి కొరతపడుతున్నదో గమనించాడు. మరోపక్క 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో డాక్టర్లు ఇంక్యుబేటర్లు చాలక తక్కువ బరువు పిల్లలను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ సంరక్షణ అని ఇప్పుడు మన సర్కారు దవాఖానల్లోనూ చేయిస్తున్నారు. అక్కడ ఊపు వేరే అక్కర్లేదు, తల్లి ఊపిరే ఊపు.

చిన్నమ్మాయి సెలవు చట్టం ప్రకారం ఇరవై ఆరు వారాలు. అది ముగింపుకొచ్చింది. తుర్కపల్లిలో ఉద్యోగం, శామీర్‌పేటలో అత్తగారిల్లు. మొన్న ఆదివారం తల్లినీ బిడ్డనూ దింపడానికి బయల్దేరాం. శామీర్‌పేట దగ్గర కట్టుబడి జరుగుతున్న చోట పాపకు పాలు పట్టడానికి కారు ఆపాం. వేపచెట్టు కొమ్మకు చీర తొట్టెల. ఎనిమిదేళ్ల పిల్ల కింద కూర్చుని, చేతుల్తో గచ్చకాయలాడుతూ కాలి బొటనవేలితో తాడు లాగుతున్నది. వాళ్ల తల్లి ఇసుక తట్ట మోస్తున్నది. తట్ట పోసి వట్టి చేతుల్తో తిరిగొచ్చే ప్రతిసారీ తొట్టెల పక్కగా నడిచి, ఆగకుండానే నాలుకతో ‘టక్’ అనేది. లోపలి నుంచి చిన్న కూత. ఆమె అప్పటికే ఇసుక కుప్ప దగ్గర ఉండేది. మేమున్న పావుగంటలో ఆరు సార్లు లెక్కపెట్టాను. ఒకసారి మేస్త్రీ పిలిస్తే ఆమె అటునుంచి అటే వెళ్లింది. తొట్టెల్లోంచి ముందు ఏమీ లేదు, తర్వాత కూత దానంతట అదే వచ్చింది. అక్క బొటనవేలు కాస్త గట్టిగా లాగింది.

వియ్యపురాలి ఇంట్లో తొట్టెల ముందే కట్టి ఉంచారు. పాత ఇల్లు, దూలం కిందికి ఉంది. టైము పెట్టి చూశాను, పది ఊపులకు ఇరవై రెండు సెకన్లే. పాపను వేశాక నేను అలవాటుగా మేడ్చల్ లెక్కన లాగాను. ఊపు తడబడింది. కాలు లేచింది. రెండోదీ లేచింది. వియ్యపురాలు నవ్వి, “అన్నయ్యగారూ, ఇటియ్యండి” అని తాడు తీసుకుంది. ఆమె వెంటనే లాగలేదు. తొట్టెల అటుపోయి వచ్చేదాకా చూసింది, ఇంకోసారి చూసింది, అప్పుడు లాగింది. ఒక కాలు దిగింది. రెండోది కాసేపు అలాగే గాల్లో ఉంది.